చెప్పుల దగ్గర తిమ్మరాయప్ప

పంతొమ్మిది వందల నలభై మూడో సంవత్సరాన్ని చరిత్రకారులు యుద్ధం కోసం గుర్తుపెట్టుకుంటారు. అది వాళ్ళ ఇష్టం. బెంగళూరు చిక్కపేటలో మా సందు వాళ్ళకు మాత్రం అది తిమ్మరాయప్పగారు గుడి బయట చెప్పుల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టిన సంవత్సరం. ఆ తరవాత యుద్ధం ముగిసింది, సరిహద్దులు మారాయి, దొరలు ఓడలెక్కారు. ఆయన మాత్రం ప్రతి శనివారం అదే మెట్టు మీద కూర్చుని ఊరందరి చెప్పులూ కాస్తూనే ఉన్నారు.

ఆయనది చీరల అంగడి. గుడి తిమ్మరాయస్వామిది, అంటే స్వామి పేరే ఆయనకూ పెట్టారు. పెళ్ళయిన నాటి నుంచి భార్య పిల్లమ్మగారితో కలిసి శనివారం తప్పకుండా గుడికి వెళ్ళిన మనిషి. అలాంటాయనకు ఉన్నట్టుండి దేవుడి మీద నమ్మకం పోయింది. వాళ్ళ మేడ మీది గదిలో అద్దెకుంటూ హైస్కూల్లో పాఠాలు చెప్పుకునే నేను, చదువుకున్నవాణ్ణి గనక, ఇదేదో పుస్తకం చేసిన పనే అనుకున్నాను.

"ఎప్పుడు పోయిందండీ?" అని అడిగాను.

"అదెట్ల తెలస్తాది మేష్ట్రే? గొడుగు పోతే ఎప్పుడు పోయిందో తెలస్తాదా? వాన వచ్చినప్పుడు చెయ్యి చాపితే లేదు, అంతే."

ఆ వాన పేరు టైఫాయిడు. అంతకుముందు ఏడాది మంచం పట్టినప్పుడు దండం పెట్టుకుందామని చూస్తే, అవతల ఎవరూ ఉన్నట్టు తోచలేదట. దాని మీద ఆయన ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఎవరితోనూ వాదం పెట్టుకోలేదు. "వెతికినాను, దొరకలేదు" అనేవారు, అంతే.

కోలుకుని లేచాక మొదటి శనివారం ఇంట్లోనే ఉండిపోయారు. రెండో శనివారం మళ్ళీ పిల్లమ్మగారి వెంట బయల్దేరారు. మెట్ల దాకా వెళ్ళి, ఆమె లోపలికి పోయాక, చెప్పుల గుంపు పక్కన చతికిలబడ్డారు.

"లోపలికి రారా?" అన్నాను.

"లోపల నాకేమి పని?"

"మరి బయట ఏమి పని?"

అంతలో ఎదురింటి కదిరమ్మ వచ్చి, చెప్పులు విడుస్తూ, "అన్నా, సుమ్నే ఊరక కూర్చుండావు గదా, స్వల్ప చూసుకో" అని లోపలికి వెళ్ళిపోయింది. పదవి అలా సంక్రమించింది.

యుద్ధకాలం. తోలు ప్రియం. దేవుడి దగ్గరికి పోయిన చెప్పులు తిరిగి యజమాని దగ్గరికి వస్తాయన్న భరోసా లేని రోజులు. తిమ్మరాయప్పగారు కూర్చున్నాక దొంగలు వేరే గుళ్ళు చూసుకున్నారు. ఆయన చెప్పుల్ని బట్టి భక్తిని లెక్కగట్టే శాస్త్రం ఒకటి కనిపెట్టారు కూడా.

"కొత్త చెప్పులోడు ఒక్క ప్రదక్షిణతో బయటికొస్తాడు మేష్ట్రే. తెగిన చెప్పులోడు నిమ్మళంగా పదకొండు చేస్తాడు. నేను వచ్చినాక కొత్త చెప్పులోళ్ళు గూడా పదకొండుకు ఎక్కినారు, చూసినారా?"

చూశాను. శఠగోపం నెత్తిన పెట్టించుకుంటూ గుమ్మం వైపు చూసే అలవాటు మా పేటలో పూర్తిగా పోయింది. ఊళ్ళో ఒక మనిషి భక్తి మానేస్తే మిగతా అందరికీ భక్తి పెరగడం నేను చూడటం అదే మొదలు. పూజారిగారు ఈ సంగతి గ్రహించి, పుళియోగరె, అంటే అక్కడి పులిహోర, దొన్నెలో పెట్టి ముందు మెట్ల మీదికే పంపేవారు. తిమ్మరాయప్పగారు వేళ్ళు నాకి మరీ తినేవారు.

"ప్రసాదం తినొచ్చా మీరు?" అని ఒకసారి పట్టుకున్నాను.

"నమ్మకం పోయింది దేవుడి మీద గదప్పా. పుళియోగరె మీద పోలేదు."

కాడుగోడి నుంచి వచ్చిన సొన్నమ్మ అనే ఆమె ఒకసారి గుడి బయట కదలకుండా కూర్చున్న ఈయన్ని చూసి ఎవరో సాధువనుకుంది. కాళ్ళ మీద పడి, బర్రె పాలివ్వడం లేదని మొరపెట్టుకుంది.

"అమ్మా, లెయ్. నేను దేవుణ్ణే నమ్మను."

"అంత మాట అంటుండావంటే నువ్వు శానా పెద్ద సామివే," అని ఆమె ఇంకోసారి మొక్కింది. మరుసటి నెల అరటిగెలతో వచ్చింది. బర్రె పాలిచ్చిందట. ఆయన తల పట్టుకుని, "పశువుల డాక్టరుకు ఇయ్యమ్మా, నాకెందుకు!" అన్నారు.

ఆ అరటిగెలే కొంప ముంచింది. గుడి కమిటీ అధ్యక్షులు పెద్దమునియప్పగారు ఇనుప సామాన్ల వర్తకులు. వారు వస్తున్నారంటే ముందు వారి కిర్రు చెప్పుల చప్పుడు వచ్చేది. స్వామికి రావలసిన గెల నాస్తికుడి ఒళ్ళో చూసేసరికి వారికి మండింది.

"ఏమప్పా, నమ్మకం ఉండాదా, లేదా? ఉంటే లోపలికి రా. లేకుంటే ఇంట్లో ఉండు. నడిమధ్య కూర్చునేదేంది?"

"నడిమధ్య మెట్లుండాయి గదన్నా."

ఇలాంటి జవాబులకు కమిటీలు కరగవు. చెప్పులకు కూలి మనిషిని పెడుతున్నామనీ, తిమ్మరాయప్ప ఇక గుడి దాపులకు రావద్దనీ తీర్మానం చేశారు. ఆయన ఆ రోజు అంగడిలో ఒకే బేరానికి రెండుసార్లు చిల్లర ఇచ్చేశారు. పుళియోగరె కోసం ఇంత దిగులా అని నేను ఆశ్చర్యపోయాను.

మరుసటి శనివారం పిల్లమ్మగారు ఒంటరిగా వచ్చారు. మెట్ల దగ్గర మా సందులోని అక్కయమ్మ ఆపి, "ఏమి పిల్లమ్మా, ఒంటిగా వచ్చినావు? మీ ఆయన యాడ?" అంది. పిల్లమ్మగారు పూలూ కొబ్బరికాయా అలాగే పట్టుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

నేను తిన్నగా అంగడికి పోయి జరిగింది చెప్పాను. తిమ్మరాయప్పగారు మడతపెడుతున్న చీరను పక్కన పెట్టారు.

"మొదటి వారమూ ఇదే అయింది మేష్ట్రే. లోపల అందరూ 'మీ ఆయన యాడ' అనేదే. ఏమని చెప్తాది? ఒళ్ళు బాగలేదంటే గుళ్ళో అబద్ధం. నమ్మకం పోయిందంటే నామర్దా. ఏడుస్తా ఇంటికొచ్చింది. నేను చెప్పుల దగ్గరుంటే 'బయట ఉండాడు' అంటే సరిపోతాది. అది నిజమే గదా."

"ఇన్నాళ్ళూ అందుకా కూర్చున్నారు?"

"టైఫాయిడులో గంజి పోసి, ఒళ్ళు తుడిచి, నన్ను లేపింది ఆమె. తాను లేపి, స్వామి లేపినాడని ఆయనకు దండం పెట్టుకుంటాది. పెట్టుకోనీ. నా దండం ఆమెకు. దానికి మెట్టు చాలు మేష్ట్రే."

నేను పెద్దమునియప్పగారి దగ్గరికి పోయి ఆ మాటలు ఉన్నవున్నట్టు అప్పగించాను. వారు తూస్తున్న మేకులు మళ్ళీ డబ్బాలో పోసేశారు. "ఈ మాట ముందే చెప్పి ఏడ్వొచ్చు గదప్పా వాడు!" అన్నారు. తీర్మానం రద్దయింది. అందుకు పిల్లమ్మగారు కారణమా, లేక ఆ శనివారమే కూలి మనిషి స్తంభానికి ఆనుకుని కునుకు తీయగా కిర్రు చెప్పులు మాయమవడం కారణమా అన్నది చరిత్ర ఇంకా తేల్చలేదు.

తరవాతి శనివారం భార్యాభర్తలు కలిసే వచ్చారు. అక్కయమ్మ, "ఏమి పిల్లమ్మా, మీ ఆయన..." అని మొదలుపెట్టి, ఆయన్ని చూసి, తన చెప్పులు ఆయన ముందు విడిచి లోపలికి పోయింది. పిల్లమ్మగారు మెట్లెక్కబోయి మోకాలు పట్టుకున్నారు. తిమ్మరాయప్పగారు గబగబా లేచి, తన చెప్పులు విప్పి, ఆమె చెయ్యి పట్టుకుని గడప దాకా ఎక్కించారు. గడప దాటలేదు. మళ్ళీ దిగి వచ్చారు.

వచ్చి చూస్తే ఆయన చెప్పులు లేవు.

బయటికొచ్చిన పిల్లమ్మగారు ఈ వార్త విని, ఎన్నాళ్ళకో విరగబడి నవ్వారు. "స్వామే తీసుకోనుంటాడు."

"తీసుకోనీ. ఆయనకు నడిచేది శానా ఉంటాది. మనం జట్కాలో పోదాం."

ఆ రోజు జట్కా దొరకలేదు.