మేనేజరుగారి మతిమరుపు

ఆ అట్టపెట్టెల ఫ్యాక్టరీ మేనేజరుగారికి ప్రమోషన్ అందినప్పుడల్లా చేతనైన పని ఒకటి మర్చిపోవడం అలవాటు. కటింగ్ మిషన్ మీద ఉన్న రోజుల్లో చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పేవారట. సూపర్‌వైజరు కాగానే పానా పట్టుకోవడం మర్చిపోయారు. మేనేజరయ్యాక ఏ స్విచ్చు దేనిదో కూడా గుర్తులేదనేవారు. కుర్చీ పెరిగేకొద్దీ బుర్ర తరుగుతోందని పనివాళ్లు చెవులు కొరుక్కునేవారు.

ఈ మతిమరుపుతో అందరికన్నా ఎక్కువ వేగింది కొత్త సూపర్‌వైజరు. తొమ్మిదేళ్లు కటింగ్ మిషన్ మీద చెయ్యి తిరిగిన మనిషి. మూడు నెలలు పని చూసి ఖాయం చేస్తామన్నారు. ఆ గడువు శుక్రవారంతో సరి.

"సార్, జిగురు పలచనవుతోంది. ఏం చెయ్యమంటారు?"

"జిగురా? మనం జిగురు వాడతామా అమ్మా?"

"ఇరవై ఏళ్లుగా వాడుతున్నాం సార్."

"అలాగా. అయితే కలిపేవాడికి తెలిసుంటుంది, అడిగి చూడు."

ఆవిడకి ఒళ్లు మండేది. తీరా అడిగితే కలిపేవాడికి నిజంగానే తెలిసుండేది. అది ఇంకో మంట.

శుక్రవారం మధ్యాహ్నం కటింగ్ మిషన్ ఆగింది. నాలుగింటికి లారీ. ఆవిడ ఉండబట్టలేక ఆపరేటరు చేతిలో పానా లాక్కుని మిషన్ కింద దూరింది. గంటలో బాగుచేసింది కూడా. బయటికొచ్చి చూస్తే, చెప్పేవాళ్లు లేక పదిమంది గోళ్లు గిల్లుకుంటున్నారు. అచ్చు మిషన్ మాత్రం అడిగేవాళ్లు లేక రెండు వేల అట్టల మీద మందుల కంపెనీ పేరు తలకిందులుగా గుద్దిపారేసింది.

యజమాని వచ్చాడు. "ఇది జరుగుతుంటే సూపర్‌వైజరు ఎక్కడుంది?"

ఆవిడ పానా వెనక్కి దాచుకుంది. ఉద్యోగం పోయినట్టే అనుకుంది.

"నేనే ఎక్కడికో పంపానండీ," అన్నారు మేనేజరుగారు.

"ఎక్కడికి?"

"గుర్తులేదండీ."

"ఎందుకు పంపారు?"

"అదీ గుర్తులేదు."

యజమాని తల పట్టుకున్నాడు. "ముందు ఆవిణ్ణి ఖాయం చేసెయ్యండి. ఇక్కడ మతి ఉన్న మనిషి ఒకరైనా ఉండాలి," అని విసవిసా వెళ్లిపోయాడు.

ఆవిడకి ఆ మతిమరుపు మీద మొదటిసారి ప్రేమ పుట్టుకొచ్చింది. "సార్, మీకు అన్నీ గుర్తున్నాయి కదూ?"

ఆయన కాస్త సిగ్గుపడ్డారు. "నాకు తెలుసంటే మీరెవరూ మీ బుర్ర వాడరు కదమ్మా."

"మరి ఇవాళ నా తప్పు?"

"సూపర్‌వైజరైన కొత్తలో నేనూ మిషన్ కింద దూరాను. ఈలోగా మూడు మిషన్లు ఆగిపోయాయి. ఆ ఒక్కటీ మర్చిపోదామన్నా కుదరడం లేదు."