కొత్త బ్యాట్ ముందు ఎదుటివాళ్ల చేతికి

పోయిన వారం ఒక సాయంత్రం స్రవంతి తన కొత్త బ్యాట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. రబ్బరు కింద రాసిన జిగురు వాసన ఇంకా తాజాగా ఉంది. స్రవంతి బ్యాంకులో పనిచేస్తుంది. సిద్దిపేటలో మేం టేబుల్ టెన్నిస్ ఆడుకునే హాల్లో ఆమెలా గట్టిగా కొట్టేవాళ్లు లేరు. అలాంటి ఆటకు చేతిలో కాస్త బరువుండాలి. ఈ బ్యాటేమో పట్టుకున్నట్టే లేదు. "కొత్తది సార్, ముందు మీరే ఆడాలె గదా" అంది. ఆడాను. అప్పటినుంచీ నాకు కుదురు లేదు. కొన్ని నెలలుగా నా కుడి భుజం సతాయిస్తోంది. ఆ సంగతి హాల్లో ఎవరికీ చెప్పలేదు. వార్త రాద్దామని కూర్చుంటే ఆ తేలికదనమే అరచేతిలో మెదులుతోంది. లేచి వాకిట్లోకి వెళ్తాను, మళ్లీ వచ్చి కూర్చుంటాను. ఆమె కనిపెట్టిందా, లేక హాలు ఆనవాయితీ పాటించిందా? పేపర్లో పనిచేసిన ఇన్నేళ్లలో ఎవరెవరినో ఏమేమో అడిగాను కానీ ఈ ఒక్క ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

ఆ ఆనవాయితీ పెట్టింది యాకూబ్ సార్. సర్కారు బళ్లో వ్యాయామం టీచరుగా చేసి రిటైరైన మనిషి. పొట్టిగా, నిటారుగా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఉండేవారు. ఉన్నది ఒకే బల్ల, దాని చుట్టూ పదిమందిమి. ఎవరు కొత్త బ్యాట్ తెచ్చినా మొదటి గేమ్ ఎదుటి మనిషి దాంతో ఆడాలి, తెచ్చినవాళ్లు ఎదుటివాళ్ల పాత బ్యాట్‌తో ఆడాలి. నీ బ్యాట్ ఏం చేస్తుందో నీ చేతిలో ఉన్నంతసేపు నీకు తెలియదు, అది కొట్టిన బంతి నీ మీదికి వచ్చినప్పుడే తెలుస్తుంది అనేవారాయన. గేమ్ అయ్యాక బ్యాట్ ఎవరిది వాళ్లకు. ఈ నియమానికి ఎమ్మార్వో గారికైనా మినహాయింపు ఉండేది కాదు.

నేను ఆ హాల్లో అడుగుపెట్టిన రోజుల్లో విలేకరిగా తిరుగుడు ఎక్కువ. పొద్దున తొగుట, మధ్యాహ్నం దౌల్తాబాద్, సాయంత్రానికి ఆఫీసు. ఆ పరుగే ఆటలోకీ వచ్చేది. బంతి ఇటు రాగానే కొట్టేసి పాయింటు తేల్చేయాలి. తేలిక బ్లేడ్ అయితే చెయ్యి వేగంగా తిరుగుతుందని ఎవరో చెబితే హైదరాబాద్ వెళ్లి దుకాణంలో ఉన్నవాటిలో తేలికది కొన్నాను. బ్లేడ్ అంటే రబ్బర్లు అంటించకముందు ఉండే చెక్క. దానికి రెండువైపులా దొరికినవాటిలో మందమైన, వేగమైన రబ్బర్లు అంటించి గర్వంగా తెచ్చాను. ఆనవాయితీ ప్రకారం సార్ దాంతో ఆడారు. ఆయన బంతి ఒక్కటీ తిన్నగా రాలేదు. గేమ్ అయ్యాక బ్యాట్‌ను రెండు వేళ్ల మీద నిలబెట్టారు. తల వైపుకు తటాలున ఒరిగిపోయింది.

"ఏం రిపోర్టరూ, బక్క ఎద్దును తెచ్చి బండెడు ఇటుకలు ఎత్తినవ్. గది నడుస్తదా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మరునాడు ఆయన నన్ను తనకు తెలిసిన అవుసులాయన కొట్టుకు తీసుకెళ్లారు. అక్కడ రబ్బర్లు ఊడదీసి, బంగారం తూచే కాంటా మీద నా చెక్కను విడిగా, రబ్బర్లను విడిగా పెట్టి చూపించారు. ఆ రబ్బర్ల జతే చెక్కంత బరువు తూగింది. అందరూ బంగారం తెస్తుంటే మీరొక్కరే కట్టె తెస్తరు సార్ అని అవుసులాయన వేళాకోళమాడాడు. తేలిక చెక్క కొనడం సులువు, దానికి తగిన రబ్బర్లు వెయ్యడానికే మనసొప్పదు అన్నారు సార్ తిరుగుదారిలో. రబ్బరు లోపలి స్పాంజ్ పలచనిది వేస్తే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే ఓడిపోతామని భయం. ముందు నీ ఆట ఏందో చూసుకో, తర్వాత దానికి చెక్క, చెక్కకు రబ్బరు అని వివరించారు. చివరికి కొంచెం బరువైన చెక్క, కుడివైపు మధ్యరకం రబ్బరు, ఎడమవైపు పలచని స్పాంజ్ ఉన్నది ఎంచారు. ఆ ఎడమవైపు పలచని రబ్బరు నాకు బల్ల దగ్గర ఆగడం నేర్పింది. ఆగి చూస్తే ఎదుటి మనిషి కనిపిస్తాడు. తర్వాత ఆ అలవాటు వార్తల్లోకీ వచ్చింది.

అలా ఆగి చూడబట్టే సార్ చెయ్యి నా కంట పడింది. పాయింటుకూ పాయింటుకూ మధ్య బ్యాట్ బల్ల మీద పెట్టి కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు. అద్దాలకు అంత దుమ్మెక్కడిది? సర్వీసు చేసేముందు పిడిని బొటనవేలితో మళ్లీ మళ్లీ సవరించుకునేవారు. ఒక సాయంత్రం బ్యాట్ ఆయన వేళ్లలోంచి జారి నెట్ కొయ్యకు తగిలి కింద పడింది. "రిపోర్టరూ, గిది పేపర్ల ఎయ్యకు" అని ఆయనే నవ్వుతూ వంగి తీసుకున్నారు. నరాల జబ్బని, పట్టు తగ్గుతూ పోతుందని తర్వాత తెలిసింది. మాలో ఒకాయన ప్రేమకొద్దీ, కొన్నాళ్లు కూర్చొని చూడండి సార్ అన్నాడు. మరునాటి నుంచి సార్ హాలుకు రావడం మానేశారు.

ఆ ఖాళీ రోజుల్లో నేను నిలవలేకపోయాను. ఆయనకు తగిన బ్యాట్ దొరికితే ఆడగలరని నాకు తెలుసు. కానీ పదిమందికీ బ్యాట్లు ఎంచిపెట్టిన మనిషికి నీ చెయ్యి బలహీనపడింది, ఇది తీసుకో అని ఎలా ఇస్తాం? మళ్లీ హైదరాబాద్ వెళ్లాను. ఒకే రకం చెక్కలైనా ఒక్కోటి ఒక్కో బరువుంటుంది. దుకాణంలో ఉన్నవన్నీ కాంటా మీద పెట్టించేసరికి యజమాని విసుక్కున్నాడు. అన్నిటికన్నా తేలికది తీసుకున్నాను. పిడి చివర వెడల్పుగా ఉన్నదే కావాలన్నాను, వేళ్లు సడలినా జారిపోకుండా. సార్ ఆట బంతిని బాదేది కాదు, పెట్టాల్సిన చోట పెట్టేది. అందుకని రెండువైపులా పలచని స్పాంజ్ ఉన్న తేలిక రబ్బర్లు, కుడివైపుది మాత్రం కాస్త మెత్తనిది, చెయ్యి కొంచెమే కదిలినా బంతి పైకి లేవడానికి. ఇంట్లో ఆ రోజు పేపరే నేల మీద పరిచి జిగురు రాశాను. తెల్లని జిగురు ఆరి రంగు పోయేదాకా ఆగడం నాకు అతి కష్టమైన పని. ఆ రోజు ఆగాను.

సార్ ఇంటికి వెళ్లి కొత్త బ్యాట్ తెచ్చాను, మీరు రాకపోతే ఆనవాయితీ తప్పుతుంది అన్నాను. చాలాసేపు నా ముఖం చూసి చొక్కా మార్చుకొని వచ్చారు. హాల్లో బ్యాట్ చేతికిస్తే అందరి ముందూ దాన్ని రెండు వేళ్ల మీద నిలబెట్టారు. అది ఒరగలేదు. పిడి చుట్టూ వేళ్లు వేసి, తీసి, మళ్లీ వేశారు.

"ఇది నీ ఆటకు పనికిరాదు. నీ దెబ్బకు ఎగిరిపోతది."

"పోనీయండి సార్. ముందు మీరు ఆడి చూడుండ్రి. రూలు మీదే గదా."

ఆడారు. బంతి పాత చోట్లలోనే పడింది, బల్ల అంచుకు అటూ ఇటూ, నేను లేని చోట. ఆయన బరువైన పాత బ్యాట్ నా చేతిలో ఉంది. దాన్ని తిప్పుతుంటే ఇన్నాళ్లూ ఆయన ఏం మోశారో అర్థమైంది. అద్దాలు ఒక్కసారీ తుడుచుకోలేదు. గేమ్ నేనే గెలిచాను, ఆయనకది పట్టనే లేదు. అయిపోయాక నియమం ప్రకారం బ్యాట్ నాకు తిరిగివ్వడానికి చెయ్యి చాచారు. నేను నా చెయ్యి వెంటనే చాచలేకపోయాను. ఆయన బ్యాట్‌ను వెనక్కి తీసుకొని ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఇంకా కొత్త వాసన పోలేదు. రేపు గూడ చూద్దాం."

మరునాడూ వాసన పోలేదు. ఆ పై నెలలోనూ పోలేదు. జిగురు వాసన పోయి చెమట వాసన పట్టాక కూడా గేమ్ చివర ముక్కు దగ్గర పెట్టుకొని తల అడ్డంగా ఊపేవారు. హాలంతా చూస్తూ ఊరుకునేది. ఆయన నిజామాబాద్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయే రోజు బస్టాండులో బ్యాట్ సంచిలోంచి పిడి బయటికి కనిపిస్తోంది. పాతబడంగనే పంపిస్త రిపోర్టరూ అన్నారు. ఆయన కన్నుమూసి చాలా కాలమైంది. బ్యాట్ రాలేదు.

పోయిన వారం గేమ్ అయ్యాక తిరిగిచ్చేసిన బ్యాట్‌నే నిన్న స్రవంతి మళ్లీ నా చేతిలో పెట్టి ఎదుట నిలబడింది. ఆమె చేతిలో నా పాత బ్యాట్, నా చేతిలో ఆమె తేలిక బ్యాట్. గేమ్ అయిపోయింది, భుజం నొప్పి పెట్టలేదు. బ్యాట్ తిరిగివ్వడానికి చెయ్యి చాచాను. ఆమె జేబు రుమాలుతో బంతి తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది, నా వైపు చూడటం లేదు. అడగాల్సిన ప్రశ్న మళ్లీ నోటిదాకా వచ్చింది. అడగలేదు. బ్యాట్ ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"ఇంకా కొత్త వాసన పోలేదమ్మా" అన్నాను.