గుండీల డబ్బాలో ఇరవై చిట్టీలు

మాకు స్టాటిస్టిక్స్ చెప్పిన సారు పోయారు. పోయిన శుక్రవారం పొద్దున చిత్తూరు నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి, "అబ్బాజాన్ లేరక్కా" అంది. నేను తిరుపతిలో బస్సెక్కి పోయేసరికి తీసుకెళ్లిపోయారు. కడసారి చూపు దక్కలేదు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆయన నన్ను ఒక అబద్ధం నుంచి కాపాడారు. అది అబద్ధమని అప్పటికి నాకే తెలియదు.

ఎమ్మెస్సీలో ఉన్నప్పటి మాట. పూతలపట్టు దగ్గర మాకు మామిడితోట ఉంది. ఏటా పిందె రాలిపోయేది. వేపాకు, పుల్లమజ్జిగ కలిపి నేనొక కషాయం తయారుచేసి, దాన్నే నా ప్రాజెక్టుగా పెట్టుకున్నాను. ఒక మడిలోని ఇరవై చెట్లలో పదింటికి నాయన ఎర్రగుడ్డ పీలికలు కట్టి, వాటికే కషాయం కొట్టాడు. కోతప్పుడు లెక్కపెడితే ఆ పది చెట్లకూ కాయలు విరగకాశాయి. నాయన ఆగుతాడా? ఊరంతా చాటింపు వేసేశాడు. "మా పాప మందు పనిచేస్తాదని కాణిపాకం గుళ్లో ప్రమాణం చేస్తా" అన్నాడు. ఆ మాట అన్నాక మా వైపు ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. ఇరుగుపొరుగు రైతులు వచ్చే ఏడు మామూలు మందులు మానేసి, తోటలన్నిటికీ నా కషాయమే కొడతామన్నారు.

నేను గాల్లో తేలుతూ ఆ లెక్కలు సారుకు చూపించాను.

సారు వాళ్ల నాయన దర్జీ. ఆయన వాడిన గుండీల డబ్బా సారు టేబుల్ మీద ఎప్పుడూ ఉండేది. ఒక్కో చెట్టు కాయల లెక్క ఒక్కో చిట్టీ మీద రాయించి, ఇరవై చిట్టీలూ అందులో వేయించారు. "ఇప్పుడు మందు మాట మర్చిపో. కండ్లు మూసుకోని పది తియ్యి. ఊరికే తీస్తే తీసినవాటికీ మిగిలినవాటికీ ఎంత తేడా వస్తాదో సూడు" అన్నారు. సాయంత్రం దాకా నూరుసార్లు తీశాను. మా తోటలో వచ్చినంత తేడా రెండేసార్లు వచ్చింది.

"అయితే ఇది ఊరికే వచ్చింది కాదు సార్!" అని ఎగిరి గంతేశాను.

"ఊరికే ఇంత తేడా రావడం అరుదు. సంభావ్యత చెప్పేది అంతవరకే. సరే, మందు కొట్టే చెట్లను ఎవురు ఎంచినారు?"

"మా నాయన. మంచి పని గదా అని ఈశాన్యం మూల నుంచి మొదలుపెట్టినాడు."

"మీ బోరు యాడుండాది?"

వాస్తు ప్రకారం మా బోరూ ఈశాన్యంలోనే వేయించారు. నీళ్లు ముందు తాగేది ఆ పది చెట్లే.

"సిట్టీలు అదృష్టాన్నే పట్టిస్తాయమ్మా, బోరును పట్టించవు" అన్నారు సారు.

నాకు ఏడుపొచ్చింది. మళ్లీ మొదట్నుంచి చేయాలంటే చదువు ఏడాది వెనకబడుతుంది, ఊళ్లో నాయన తల దించుకోవాలి. "మా నాయన ప్రమాణానికి సిద్ధంగా ఉండాడు సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. "ఆ ప్రమాణమంటే నాకూ గౌరవమే. మీ నాయన అబద్ధమాడడు. అబద్ధమాడనోడు కూడా పొరపడొచ్చు గదా?"

రైతులను ఇంకో ఏడు ఆగమని నాచేత చెప్పించి, మరుసటి ఏడు పూతకాలంలో డబ్బా సంచిలో పెట్టుకుని ఆయనే మా తోటకు వచ్చారు. చెట్ల నంబర్లు చిట్టీల మీద రాసి నాయన ముందు పెట్టారు. "దేవుడి మూల ఇడిసిపెట్టి ఈ సిట్టీలేంది సార్?" అని నాయన గొణిగాడు. "దేవుడే తీయిస్తాడనుకోప్పా" అన్నారు సారు. నాయన పకపకా నవ్వి, కళ్లు మూసుకుని పది చిట్టీలు తీసి, ఆ నంబర్ల చెట్లకే పీలికలు కట్టి కషాయం కొట్టాడు.

ఈసారి తేడా కొంచెమే వచ్చింది. మళ్లీ నూరుసార్లు చిట్టీలు తీస్తే, అంతకు మించిన తేడా ముప్పైసార్లకు పైనే వచ్చింది. కోపంతో "పనికిరాదని రాసేస్తా సార్" అన్నాను. ఆయన నా పెన్ను పట్టుకుని ఆపారు. "పనిచేస్తాదని తేల్లేదు. పనిచేయదనీ తేల్లేదు. ఆ రెండూ ఒకటి కాదు." అలాగే రాశాను. డిగ్రీ వచ్చింది. చాటింపు వేసిన నాయనే ఇంటింటికీ పోయి, "తేల్లేదప్పా, మీ మందులు మీరు కొట్టుకోండి" అని చెప్పి వచ్చాడు. ఆ మాట అనడం ఆయనకెంత కష్టమో నాకు తెలుసు.

సారు ఎక్కడున్నా అంతే. ఫలానా డాక్టరు హస్తవాసి మంచిదని ఎవరన్నా అంటే, "నయం కానోళ్లు ఎంతమంది? వాళ్లొచ్చి చెప్పరు గదా" అనేవారు. విన్నవాళ్లు విసుక్కునేవాళ్లు. నేనూ విసుక్కున్నాను. ఇప్పుడు నా క్లాసు పిల్లలకు పాఠం చెబుతూ అదే మాట అంటుంటే వాళ్లూ విసుక్కుంటున్నారు. నాకు సంతోషంగా ఉంది.

చిత్తూరు నుంచి తిరిగొస్తూ పూతలపట్టులో దిగాను. నాయన తోటలో ఉన్నాడు. విషయం చెప్పగానే భుజం మీది తువ్వాలు తీసి కళ్లొత్తుకున్నాడు. "ఆ సారు రాకపోయుంటే ఊరి తోటలన్నీ నా మాట మీద పోయుండేవి పాపా" అన్నాడు.

నర్సరీ వాళ్లిచ్చిన కొత్త మందేదో కొడుతున్నాడట. తల ఎత్తి చూశాను. ఎర్రగుడ్డ పీలికల్లో బోరు దగ్గర ఒకటే ఉంది. నడిమధ్యన రెండు, నీళ్లందని కంచె వారగా మూడు, మిగతావి యాడంటే ఆడ, ఒక వరుసంటూ లేకుండా గాలికి ఊగుతున్నాయి.