పైన వేయాల్సిన ఇనుము

రెండు బస్తాల సిమెంటు, పదిహేను కిలోల ఇనుము, మేస్త్రీకిచ్చిన నలభై రూపాయలు పోయాయి. డెబ్బైల్లో ఉప్పుగూడలో ఇల్లు కడుతూ, కాంట్రాక్టరు ఖర్చెందుకని లెక్కలన్నీ నేనే వేశాను. కింద ఆనించిన చెక్కలు విప్పగానే పెరటి కిటికీ మీది సజ్జ కూలింది.

"నీ లెక్కలు నా నెత్తి మీదనే పడుతుండె!" అంది పక్కనే ఉన్న నా భార్య.

మర్నాడు లైసెన్సున్న కాంట్రాక్టరు రహీమ్ భాయ్‌ని పిలిచాను.

"లెక్క బరాబరే అన్నా. గని సజ్జ గోడ బయటికి వేలాడుతది, దానికి ఇనుము పైపక్క వెయ్యాలె, మీరు కిందేసిన్రు," అన్నాడు.

వాకిలి మీదా నేను అలాగే పోయించిన సజ్జ ఉంది, ఇంకా పడలేదన్నాను. దాని కింద మా పిల్లలు ఆడుకుంటున్నారు.

"ముందుగాల వాళ్లను జరుపుండ్రి!" అని అరిచాడు.

దాన్ని కూలగొట్టించి, రెండూ కొత్తగా పోశాడు. "కట్టినదానికే పైసలు తీసుకుంట, కూలగొట్టినదానికి తీసుకోను," అన్నాడు. మా పిల్లలు క్షేమంగా ఉన్నారంటే ఆయన చలవే. కూలగొట్టిన ఇద్దరు కూలీల ఒకటిన్నర రోజుకు, మనిషికి రోజుకు ఎనిమిది చొప్పున, నా లెక్కలో, ఆయనకు నేటికీ బాకీ ఇరవై నాలుగు రూపాయలు.