గోడ మీద ఉయ్యాల

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వాకాడులో పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే చిన్న షాపు నాది. ఒక్క అక్షరం తప్పు పడిందని వచ్చినవాళ్ళ కంటే ముందు నేనే అరుస్తాను, ఆనక నేనే టీ తెప్పిస్తాను. షాపులో కాస్త ఖాళీ దొరికితే నేను చేసే రెండో పని ఒకటుంది. మూలన పడేసిన పాత కంప్యూటర్లలో కూడా తెలుగులో హాయిగా నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి కొందరం కలిసి తయారు చేస్తున్నాం. దాన్ని ఎవరైనా ఉచితంగా వేసుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. మేం ఐదుగురం. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నది తక్కువ, ఫోన్లో పోట్లాడుకున్నది ఎక్కువ.

ఆ ఏడాది కొత్త వెర్షన్‌కి అంతా సిద్ధమైంది, ఒక్క సంగతి తప్ప. బ్రౌజర్ తెరవగానే అందులో ఏ సెర్చ్ ఇంజిన్ ఉండాలి? కావాలంటే జనం మార్చుకోవచ్చు గానీ మార్చుకోరు. వాల్‌పేపర్ మారుస్తారు, పిల్లల ఫోటోలు పెట్టుకుంటారు, అక్కడితో సరి. మేం ఏది పెట్టి ఇస్తే అదే ఉండిపోతుంది. ఎవరేం వెతికారో గుర్తు పెట్టుకోని చిన్న సెర్చ్‌ని పెడదామని నేను. అందరికీ అలవాటైన పెద్దదాన్నే ఉంచుదామని మిగతావాళ్ళు. వాళ్ళ తరఫున గట్టిగా మాట్లాడేది బుచ్చిరెడ్డిపాలెం మాస్టారు. బళ్ళో లెక్కలు చెప్తారు, ఇంటి దగ్గర వరి పండిస్తారు. మొలగొలుకుల వరికి తెగులొస్తే ఏ మందు కొట్టాలని ఆయన తెలుగులో రెండింటినీ అడిగి చూశారు. పెద్దది వరసగా జవాబులిచ్చింది. నేను చెప్పిన చిన్నది పులిహోర ఎలా కలపాలో చూపించింది. రైతుకు జవాబు కావాలా, నీ సిద్ధాంతం కావాలా అని ఆయన అడిగారు. నిజం చెప్పొద్దూ, అప్పటికి నాది ఉత్త సిద్ధాంతమే.

అలా నానుతూ ఉండగా ఒక శనివారం వచ్చింది. మా చర్చి హాల్లో పాత కంప్యూటర్ ఒకటుంది. అందులో మా సిస్టమే వేశాను. శనివారం సాయంత్రం పాటల ప్రాక్టీసులో కొత్త పాటను నెట్లో వెతికి, ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసుకుని నేర్చుకుంటాం. ఆ రోజు కీబోర్డు వాయించే తమ్ముడు పాట పేజీ తెరిచాడు. అతను మా ఐదుగురిలో ఒకడు కూడా. పల్లవి పక్కన, గోడకు సగం ఎత్తున, ఒక ఉయ్యాల ప్రత్యక్షమైంది. దాని కింద పసిపిల్లల సబ్బు. ఇదేందబ్బా అని అతను ఇంకో పేజీకి పోతే అక్కడా ఉయ్యాలే, ఈసారి గులాబీ రంగుది.

హాలంతా గొల్లున నవ్వింది. నెట్లో ఏదైనా వెతికితే దాని ప్రకటనలు వెంటపడతాయని మా దగ్గర తెలియనివాళ్ళు లేరు. ఈ కంప్యూటర్లో ఎవరో బిడ్డ సంగతి వెతికారు, మరి ఎవరు? చూపులన్నీ కొత్తగా పెళ్లై వచ్చిన ఒక కోడలి మీద పడ్డాయి. ఆ పిల్ల నేను కాదు మొర్రో అంటున్నా ఎవరు వింటారు? రెండు రోజులు వాళ్ళత్త ఆమెను నీళ్ళ బిందె ఎత్తనివ్వలేదట. నేనూ అందరితో పాటు కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వుతూ పక్కకు తిరిగితే పాస్టరు గారి భార్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. మేమంతా ఆమెను అమ్మగారు అంటాం.

ప్రాక్టీసు అయ్యాక చాపలు చుట్టడానికి మేమిద్దరమే మిగిలాం. అప్పుడు చెప్పింది. (ఇప్పుడు రాస్తున్నానంటే ఆమెను అడిగే రాస్తున్నాను.) ఆమెకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. అంతకు ముందు రెండుసార్లు నెల తప్పింది, రెండుసార్లూ నిలవలేదు. మా చర్చిలో ఎవరికి కష్టమొచ్చినా సుఖమొచ్చినా అది ప్రార్థన మనవి అవుతుంది. ఆదివారం మైకులో చదువుతారు, స్త్రీల కూడికలో పేరు పెట్టి ప్రార్థిస్తారు. ఆ కూడిక నడిపేది నన్ను కన్న తల్లే. అదంతా ప్రేమే, కాదనను. కానీ బిడ్డ పోయినప్పుడూ అదే మైకు, అదే పేరు. ఓదార్చడానికి వరసపెట్టి ఇంటికొచ్చిన వాళ్ళకు ఆమే కాఫీలు పెట్టింది, వాళ్ళు ఏడిస్తే ఆమే ఓదార్చింది.

మూడో నెల నిండేదాకా బయట చెప్పకపోవడం మా వైపు అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే. పాస్టరు గారింట్లో అది కుదరదు. అక్కడ ఫోను మోగితే దగ్గర ఎవరుంటే వాళ్ళు తీస్తారు. అందుకే ఆమె హాల్లో ఎవరూ లేని వేళ చూసి, ఈ వయసులో కాన్పు ఎలా ఉంటుందో, ఏం తినాలో ఈ కంప్యూటర్లో వెతుక్కుంది. తన ఫోనులో అయితే తెలిసిపోతుందని భయపడి, అందరూ చూసే గోడ మీద పడేచోట వెతికింది పాపం.

"దేవునికి చెప్పినానక్కా, డాక్టరమ్మకు చెప్పినా," అంది. "ఇంక నా నోటితో నేను చెప్పిందాకా ఎవురికీ తెలియకూడదు. ఈ దఫా కూడా పోతే, మేమిద్దరమే ఏడ్చుకుంటాం."

ఆమె చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. కోపం మాత్రం తన్నుకొచ్చింది, అదీ నా మీదే. ఆ కంప్యూటర్ పెట్టింది నేను. మా ఐదుగురిలో తేలాక మారుద్దాంలే అని పెద్ద సెర్చ్‌నే అందులో ఉంచేసిందీ నేనే. అప్పటికప్పుడు కూర్చుని మార్చాను. సెర్చ్ ఒక్కటే మారిస్తే చాలదు, బ్రౌజర్ కూడా తన వంతు గుర్తు పెట్టుకుంటుంది. దాన్నంతా తుడిచేసి, మూసిన ప్రతిసారీ మరిచిపోయేలా చేశాను. ఆమెకు మూడో నెల నిండాలంటే ఇంకా ఐదు వారాలు గడవాలి.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం మా ఐదుగురి కాల్. ఆ రోజు తేల్చాల్సిందే అనుకున్నాం. నేను మొదలుపెట్టగానే మాస్టారు అడ్డం వచ్చారు. ఇన్నాళ్ళుగా చెప్తున్నావు, పెద్ద సెర్చ్ వల్ల నష్టపోయిన మనిషిని ఒక్కరిని చూపించు, ఇప్పుడే ఒప్పుకుంటాను అన్నారు. నాలుక చివర ఉంది జవాబు. ఒక్క ముక్క చెప్తే గెలుస్తాను. ఏళ్ళ తరబడి ఏ వాదనలోనూ ఊరుకోని దాన్ని, పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను.

నేను ఊరుకున్నానని కీబోర్డు తమ్ముడు నాకు సాయం వచ్చాడు. అక్క చెప్పేదాంట్లోనూ నిజముంది సార్ అంటూ, నిన్న మా గోడ మీద పడిన ఉయ్యాల కథంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. అందరూ పడీ పడీ నవ్వారు. మాస్టారు నవ్వుతూనే, ఇంతకీ ఎవురిదంట అని అడిగారు. కొత్త కోడలిదే అనుకున్నాం గానీ ఆ పిల్ల కాదంటోంది సార్ అన్నాడు ఇతను. హాలు తాళం చెవి ఎవరెవరి దగ్గర ఉంటుందో చూసుకుంటే తేలిపోతుందన్నాడు. తాళం చెవులు రెండే. ఒకటి నా దగ్గర, ఒకటి పాస్టరు గారింట్లో.

"ఆపు," అన్నాను. "ఎవురిదైతే నీకెందుకు? ఒక మనిషి తలుపేసుకుని అడుక్కున్న మాటను గోడ మీద వేసింది ఆ కంప్యూటరు. గోడ మీది నుంచి మీరు దాన్ని ఇంటిదాకా మోసుకుపోతుండారు. ఇంక ఒక్క మాట మాట్లాడితే ఈ పనే మానేస్తా."

నవ్వు ముందు ఆపింది మాస్టారే.

"ఎవురిదని మొట్టమొదట అడిగింది నేనేమ్మా," అన్నారు. "ఉండబట్టలేక అడిగినా. పేరు నాకొద్దు. చిన్నదే పెట్టండి. తెగులు సంగతి నేను చూసుకుంటా."

చూసుకున్నారు కూడా. చిన్నదాంట్లో జవాబు దొరక్కపోతే అదే ప్రశ్నను పెద్దదానికి పంపే బటన్ ఒకటి పక్కనే ఉండాలన్నారు. దాన్ని నొక్కితే ఏమవుతుందో తేట తెలుగులో ఒక వాక్యం ఉండాలన్నారు, ఆ వాక్యం ఆయనే రాశారు. ఆ బటన్ ఆలోచన నాకు ముందే రానందుకు నాకు కొంచెం ఉక్రోషం వచ్చిన మాట వాస్తవం. కీబోర్డు తమ్ముడు ఆ సాయంత్రమే ఫోన్ చేసి, తప్పయిపోయిందక్కా అన్నాడు. అతనికి ఎవరో తట్టిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తట్టినా నోరు మెదపలేదు, అందుకు అతనికి వంద దండాలు.

కొత్త వెర్షన్ అనుకున్న రోజుకే బయటికొచ్చింది. తరవాతి శనివారం పాట పేజీ పక్కన నీళ్ళ మోటారు పడింది, ఆ పై వారం ఇనప బీరువా. వాటిని చూసి ఎవరూ ఎవరి వైపూ తల తిప్పలేదు. కొత్త కోడలు మళ్ళీ బిందె ఎత్తింది. అమ్మగారు ఎప్పటిలాగే ముందు వరసలో కూర్చుని పాడుతుంటే, వెనక నుంచి నేను వారాలు లెక్కపెట్టుకునేదాన్ని. ప్రతి ఆదివారం ఆమె గుమ్మంలో కనిపించేదాకా నా ప్రాణం కుదుటపడేది కాదు.

ఆరో ఆదివారం, దేవుడు చేసిన మేలును ఎవరికి వారు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, ఆమె లేచింది. పాస్టరు గారు తల వంచుకున్నారు. ఆమె నడిచి వెళ్ళి మైకు తన చేతుల్లోకి తీసుకుంది.

"నాకు నాలుగో నెల వచ్చింది," అంది. "ఇంతకాలం మీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తుండా. ప్రార్థన చెయ్యండి."

చర్చంతా లేచి నిలబడింది. ఎవరు స్తోత్రం అంటున్నారో, ఎవరు ఏడుస్తున్నారో తెలియలేదు. కొత్త కోడలు అందరి కంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. నా పక్కన మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే అలిగింది. ఇన్నేళ్ళు ఆ ఇంటి కోసం మోకాళ్ళరిగేలా ప్రార్థన చేసినా, నాక్కూడా చెప్పలేదే అని సణిగింది. అంతలో ఏదో అనుమానం వచ్చినట్టుంది, గిరుక్కున నా వైపు తిరిగి నీకు ముందే తెలుసు గదా అని అడిగింది.

"నాకూ ఇప్పుడే తెలిసిందిమా," అన్నాను.

దేవుని మందిరంలో కూర్చుని, కన్నతల్లి కళ్ళలోకి చూస్తూ ఆడిన అబద్ధం అది. అంత సంతోషంగా నా జన్మలో ఏ నిజమూ చెప్పలేదు.