కుంటడం రానివాడి నొప్పి

సరిహద్దులో మా సైనిక పోస్టుకు మేం చేరింది ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు. లేహ్ నుంచి రెండు రోజులు ట్రక్కులో, ఆ తర్వాత నాలుగు రోజులు నడక. ఒక్కొక్కరి వీపు మీద ఇరవై కిలోల బరువు. ఎత్తు పదహారు వేల అడుగుల పైచిలుకు. ఒక గుడిసె, ఒక బంకరు, ఒక కిరోసిన్ పొయ్యి, ఆరుగురు మనుషులు. చెట్టు లేదు, పిట్ట లేదు. గాలి మాత్రం ఎప్పుడూ ఉంది. పాత టీం మాతో చేతులు కలిపి పది నిమిషాల్లో దిగిపోయింది. వాళ్ళ తొందర చూసినప్పుడే నాకు అర్థం కావాల్సింది.

గోదావరిఖనిలో ఇప్పటికీ ఎవరు కనపడినా, "ఎంతమందిని కాల్చినవన్నా?" అని అడుగుతారు. ఒక్కర్నీ కాల్చలేదు. తొంభై రోజుల డ్యూటీకి వెళ్ళి సగంలోనే దిగిపోయాను; ఉన్నన్నాళ్ళు మంచు తవ్వాను, కిరోసిన్ డబ్బాలు మోశాను, కాళ్ళు కాపాడుకోమంటే కాపాడుకోలేదు. నేను చెప్పేది ఆ కాళ్ళ గురించే. వినే ఓపిక లేకపోతే ఇక్కడే లేచిపోవచ్చు. ఇన్నేళ్ళలో చాలామంది అలాగే లేచిపోయారు.

మా సెక్షన్ కమాండర్ ఒక హవల్దార్. కొండల్లో పుట్టిన మనిషి. ఆయన ఇచ్చిన మొదటి ఆర్డరు తుపాకీ గురించి కాదు, మేజోళ్ళ గురించి. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు అందరూ బూట్లు విప్పాలి. వేళ్ళు చూపాలి. తడి మేజోళ్ళు తీసి పొడివి వేసుకోవాలి. మొద్దుబారినట్టు అనిపిస్తే అప్పుడే నోరు విప్పి చెప్పాలి. ఐదు గంటలకు రేడియో ఆపరేటర్ కింది క్యాంపుకు కబురు పంపేవాడు. "ఆరుగురం. అందరూ ఫిట్." రోజూ అవే మాటలు.

ఆ ఆపరేటర్‌ది మంచిర్యాల. గోదావరికి వాళ్ళు అవతల, మేం ఇవతల. అంత ఎత్తున నాతో మన మాట మాట్లాడేవాడు అతనొక్కడే. మా ఇంటి సంగతులన్నీ తెలిసినవాడూ అతనొక్కడే.

నలభై ఒకటో రోజు మధ్యాహ్నం రెండున్నరకు తుఫాను మొదలైంది. నాలుగు రోజులు ఆగలేదు. గుడిసె మంచు కింద పూడిపోకుండా రెండు గంటలు తవ్వడం, రెండు గంటలు ఆగడం. బూట్లలోకి మంచు దూరింది, కరిగింది. పొడి మేజోళ్ళు రెండో రోజే అయిపోయాయి. మూడో రోజుకు నా వేళ్ళు ఎవరివో అయినట్టు ఉన్నాయి. నాలుగు గంటలకు హవల్దార్ బయట పార పట్టుకుని ఉన్నాడు. అక్కడి నుంచే అరిచాడు.

"కాళ్ళు ఎలా ఉన్నాయి?"

"ఫిట్ సాబ్!" అన్నాను.

పక్కనే ఉన్న ఆపరేటర్ నా కాళ్ళు చూశాడు.

"అన్నా, నీ వేళ్ళు తెల్లగైనయ్. హవల్దార్ సాబ్‌కు చెప్తా."

"వద్దు. ఫిట్ అని పంపు."

"మొద్దుబారినయా లేవా, గది చెప్పు."

"పంపమంటున్న గదనే."

అతను రేడియో సెట్టు చేతిలోకి తీసుకున్నాడు. "అన్నా, గిది బాయి మీద మెడికల్ బోర్డు గాదు. ఎవ్వలు నవ్వరు గిక్కడ," అన్నాడు. ఐదు గంటలకు కబురు వెళ్ళింది. ఆరుగురం. అందరూ ఫిట్.

అతని మాట మీకు అర్థం కావాలంటే మా కాలనీ సంగతి చెప్పాలి. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. బాయి మనుషులకు అన్‌ఫిట్ అనే మాటకు ఇంకెక్కడా లేని అర్థం ఉంది. ఇతను ఇక పనికి రాడని బోర్డు తేలిస్తే అతని కొడుక్కో తమ్ముడికో ఉద్యోగం పెట్టించుకునే పద్ధతి ఉండేది. అందుకని ఒకరు అన్‌ఫిట్ అయ్యారంటే ఇంటింటికీ మిఠాయి వచ్చేది. లోకమంతా ఏడ్చే మాటకు మేం నోరు తీపి చేసుకునేవాళ్ళం.

మా బాపు బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. ఒకసారి దుంగ జారి ఎడమకాలి మీద, మోకాలికి కిందుగా పడింది. ఎముక విరిగింది, అతికింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఏడాది తర్వాత బోర్డుకు దరఖాస్తు పెట్టాడు. అప్పటికి నేను డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్నాను. ఉద్యోగం వస్తే నాకే. వారం రోజులు బాపు క్వార్టర్ వెనక సందులో కుంటడం నేర్చుకున్నాడు. కిటికీలోంచి నేను చూశాను. తీరా బోర్డు ముందు కంగారుపడి కుడికాలు కుంటుతూ నడిచాడు. దెబ్బ తగిలిందేమో ఎడమకాలికి. ఫిట్ అని రాసి పంపించారు. కాలనీకి కాలనీ కడుపు పట్టుకుని నవ్వింది. "ఏ కాలు కాకా ఇయ్యాల?" అని పొద్దు షిఫ్టుకు వెళ్తుంటే అడిగేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టయింది. బాపుతో మాట్లాడటం మానేశాను. ఫౌజు భర్తీకి వెళ్ళి నిలబడ్డాను. చచ్చినా సరే, నొప్పి అనే మాట నా నోటి నుంచి రాకూడదనుకున్నాను.

తుఫాను మొదలైన నాలుగు రోజులకు గాలి ఆగింది. పొయ్యి దగ్గర కాళ్ళు వేడెక్కాక నేను అరిచిన అరుపు విని హవల్దార్ పరిగెత్తుకొచ్చాడు. ఎప్పటి నుంచని అడిగాడు. చెప్పాను. తిట్టలేదు. "నీ ఒక్కడి కాళ్ళు కావవి. నిన్ను మోసుకుపోవాల్సింది ఈ ఐదుగురు," అన్నాడు. అన్నంత పనీ అయింది. హెలికాప్టర్ దిగే చోటిదాకా మంచులో నన్ను ఒకటిన్నర రోజు మోశారు. అది తలచుకుంటే నామీద నాకే అసహ్యం.

వేళ్ళు పదీ దక్కాయి. తోలు ఊడి కొత్త తోలు వచ్చింది. అదృష్టవంతుడివన్నారు. అసలుది ఆ తర్వాత మొదలైంది. అరికాళ్ళలో మంట. ఉన్నట్టుండి జివ్వుమని గుంజడం. దుప్పటి తగిలినా నిప్పు పెట్టినట్టే. అదీ దాచాను. బూటు తొడగలేక పరేడ్‌లో కూలబడే దాకా దాచాను. చివరికి అన్‌ఫిట్ అని ఇంటికి పంపారు.

రామగుండం స్టేషన్‌లో మధ్యాహ్నం రెండు గంటలకు దిగాను. తెలంగాణ ధర్నాలు జోరుగా ఉన్న రోజులు. రోడ్డు మీద బైఠాయింపు. ఆటో సగంలోనే ఆగింది. పట్టీ రాసుకుంటే భరించలేక మిగతా దూరం చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. క్వార్టర్ దగ్గరికి రాగానే పక్కింటి చిన్నమ్మ ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అన్‌ఫిట్ అయినవట గద బిడ్డా! మంచిగైంది. మరి తమ్మునికి ఎప్పుడు పెడ్తరు నౌకరి?"

"ఫౌజుల గట్ల ఉండదు చిన్నమ్మా."

"అయ్యో, మరి గంత దూరం పోయి ఏం ఫాయిదా?" అంది. నిజంగానే బాధపడింది, పాపం.

ఆమెను అని లాభం లేదు. మిగతావాళ్ళు అంతకన్నా ఎక్కువ చేశారు. నా కాళ్ళు చూడటం, వేళ్ళు లెక్కపెట్టడం. "అన్నీ ఉన్నయి గదనే!" అనడం. నేను వెనక్కి తిరిగాక, తండ్రి పోలికే అనడం. అది వింటే కాళ్ళకన్నా ఎక్కువ మండేది. దుకాణంలో దొరికిన నొప్పి బిళ్ళలన్నీ మింగాను. కడుపు పాడైంది, మంట తగ్గలేదు. ఆ మంటకు ఆ బిళ్ళలు పనిచేయవని ఒక్కరూ చెప్పలేదు.

ఒకరోజు బాపే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "కరీంనగర్‌ల నరాల డాక్టరమ్మ ఉన్నదట. పోదాం పా," అన్నాడు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. పెద్దపల్లి దాటినా నేను ఒక్క మాట మాట్లాడలేదు.

డాక్టరమ్మ వేళ్ళు లెక్కపెట్టలేదు. దూది తీసి అరికాలి మీద మెల్లగా రాసింది. నేను బల్ల మీద నుంచి ఎగిరిపడ్డాను. "దూదికి ఎవరికీ నొప్పి పుట్టదు. మీకు పుట్టింది. ఇది నరం నొప్పి," అంది. గాయం ఎప్పుడో మానిందట. దెబ్బతిన్న నరం మాత్రం ఇంకా గాయమైందనే కబురు పంపుతూనే ఉందట. మామూలు నొప్పి బిళ్ళలు ఆ కబురును ఆపలేవు. దీనికి వాడే మందులు వేరు. కొన్ని ఫిట్స్ ఉన్నవాళ్ళకిచ్చేవి, కొన్ని దిగులు జబ్బుకిచ్చేవి. అవే నరాన్ని శాంతపరుస్తాయి. కొద్దికొద్దిగా పెంచాలి, మొదట్లో మత్తుగా ఉంటుంది, గుణం తెలియడానికి వారాలు పడుతుంది, నా అంతట నేను ఆపకూడదు. మిరపకాయ సారంతో చేసిన పూత కూడా కొందరికి పనిచేస్తుందంది. రోజూ మెత్తటి గుడ్డతో, అలవాటయ్యాక ముతక గుడ్డతో అరికాలు రుద్దుకోవాలి. నడక మానకూడదు. షుగర్ వల్ల కూడా ఇలా అవుతుంది కనుక రక్తం పరీక్ష రాసింది.

"మొత్తం పోతదా అమ్మా?" అని అడిగాను.

"మాటివ్వలేను. సగం తగ్గి, రాత్రి నిద్రపడితే మనం గెలిచినట్టే."

ఆ మాట మీద కోపం రాలేదు. ఇన్నాళ్ళకు నాతో ఒకరు నిజం మాట్లాడారు.

అప్పుడు బాపు గొంతు సవరించుకున్నాడు. "డాక్టరమ్మా, దెబ్బ మానినంక గూడ గిట్ల మండుతదా?"

"మండుతుంది."

"ఎక్స్‌రేల కనపడదా?"

"కనపడదు."

"ఎన్నేండ్లుంటది?"

"చూపించుకోకపోతే ఏళ్ళకేళ్ళు."

బాపు స్టూలు మీద కూర్చుని ఎడమకాలి ప్యాంటు మోకాలిదాకా మడిచాడు. "నాది గూడ జర చూడు తల్లీ," అన్నాడు. నా వైపు చూడలేదు. గోడతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "నొప్పి నిజమే ఉండె బిడ్డా. కుంటుడే రాలే."

ఆ కాలితోనే రిటైరయ్యేదాకా అన్ని షిఫ్టులూ దిగాడు. ఆ కాలితోనే కాలనీ ముందు నడిచాడు. నేను ఆయనతో మాట్లాడకుండా ఉన్న ఏళ్ళను ఏ మందు వెనక్కి తెస్తుంది?

మందులు ఇద్దరం వాడాం. దుకాణంవాడు చీటీ చూసి, "ఇవి ఫిట్స్ మందులు గద కాకా!" అని పదిమందిలో అరిచాడు. "ఫిట్ అన్నరు, అన్‌ఫిట్ అన్నరు, గిప్పుడు ఫిట్స్ అంటున్నరా? ఇయ్యవోయ్ జల్ది," అన్నాడు బాపు. నాకు సగానికి తగ్గింది. బాపుకు అంత తగ్గలేదు. బాగా ఆలస్యమైందంది డాక్టరమ్మ.

మంచు నా కలలోకి రాదు. తుఫానూ రాదు. నన్ను వదలనిది ఒక్కటే. కరీంనగర్‌లో ఆ చిన్న గదిలో డాక్టరమ్మ దూది పట్టుకుని బాపు కాలి మీదికి వంగింది. అది ఇంకా తగలనేలేదు. దూరం నుంచే దాన్ని చూసి మా బాపు ఎడమకాలు వెనక్కి ముడుచుకుంది.