ఒంటిచెవిదాని కోసం బోను

తాత బతుకంతా షట్టర్లతోనే గడిచింది. బజారులో ఏ కొట్టు షట్టరు మొరాయించినా ఆయనకే కబురు. తాత చెయ్యి పడ్డ తలుపు మూసుకోకపోవడమంటూ ఉండదు, మళ్లీ తెరుచుకోవడం మాత్రం దాని దయ, అని నాన్నమ్మ ఎత్తిపొడిచేది. మోకాళ్లు పట్టేశాక ఆవిడ మంచం దిగడం మానేసింది. ఆవిడ లోకమంతా వెనక గది కిటికీలో ఇమిడిపోయింది. కిటికీ అవతల సన్నటి సందు, సందు పక్కన ఇనప కంచె, కంచెకి ఆవల ధాన్యం గోడౌను.

ఆ గోడౌనులో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. కొట్లాటలో ఒక చెవి పోగొట్టుకుంది కాబట్టి నాన్నమ్మ దాన్ని ఒంటిచెవిది అనేది. పరమ అడవి రకం. మనిషి నీడ పడితే మాయం. ఎవరైనా కంచంలో ఏదైనా పెడితే దూరం నుంచే అసహ్యంగా చూసి వెళ్లిపోయేది. తన ఎలుక తను పట్టుకుని తినేది. నాన్నమ్మ రోజంతా దానితో కబుర్లు చెప్పేది. అది ఒక్కదానికీ బదులివ్వదు. తాతా అంతే కాబట్టి ఆవిడకి కొత్తగా ఏమీ అనిపించేది కాదు.

బస్తాలు పాడుచేస్తోందని గోడౌను మేనేజరు విసిగిపోయాడు. శుక్రవారం పొద్దున మందు కలిపిన చేప పెట్టిస్తానన్నాడు. తాత వెళ్లి బతిమాలాడు.

"ఈలోపు నేను పట్టుకుపోతానండి. ఊరి చివర పాల డెయిరీ వాళ్లు ఎలుకలతో వేగలేక పిల్లిని ఇస్తే పెంచుకుంటామంటున్నారు."

"పట్టుకో పెద్దాయనా, నాకేం సరదానా? శుక్రవారం దాకా ఆగుతాను. తర్వాత నన్నేం అనకు."

తాత పళ్ల పెట్టె ఒకటి తెచ్చి చుట్టూ కోళ్ల జాలీ కొట్టాడు. ముందుభాగాన రెండు గాళ్లు చెక్కి, వాటిలో పైనుంచి జారే తలుపు దించాడు. తలుపుని పైన ఒక మేకు ఆపుతుంది. మేకుకి సైకిలు బ్రేకు తీగ కట్టి, లోపల చివర ఉన్న చెక్కకి తగిలించాడు. పిల్లి చెక్క మీద కాలు వేస్తే మేకు ఊడుతుంది, తలుపు పడుతుంది. తోక నలగకుండా అడుగున పాత ట్యూబు ముక్క అంటించాడు.

"దానికి పరుపు కూడా వెయ్యకపోయావా?" అంది నాన్నమ్మ మంచం మీంచి.

"వేస్తే నువ్వెళ్లి పడుకుంటావని వెయ్యలేదే."

అడవి పిల్లి మొదటి రోజే బోనులోకి రాదు. ముందు దాని భయం తీర్చాలి. అందుకని తాత తలుపు పడకుండా తాడుతో పైకి కట్టేసి, బోను సందులో పెట్టి, స్టీలు కంచంలో చేప ముక్కలు గుమ్మం దగ్గర ఉంచాడు. "దా తల్లీ, దా" అని మెల్లగా పిలిచి పక్కకి తప్పుకునేవాడు. మొదట్లో కంచం చీమల పాలైంది. తర్వాత ఒక ముక్క తగ్గింది. కంచాన్ని రోజూ కొంచెం లోపలికి జరిపాడు. చివరికి ఒంటిచెవిది తోక తప్ప ఒళ్లంతా లోపల పెట్టి తాపీగా తినసాగింది. తాత గొంతు వింటే కంచెకింద నుంచి దూరి వచ్చేది.

"నన్ను పెళ్లిచూపుల్లో కూడా ఇంత ముద్దుగా పిలవలేదు," అంది నాన్నమ్మ.

గురువారం సాయంత్రం తాత తాడు విప్పి, తలుపుని మేకు మీద నిలిపాడు. చెక్క సరిగ్గా కదులుతోందో లేదో చూద్దామని లోపలికి చెయ్యి పెట్టాడు. చూసి, చెయ్యి తీసి, పైన గోనెపట్టా కప్పి లోపలికొచ్చి నాన్నమ్మ పక్కన కూర్చున్నాడు.

ఒంటిచెవిది వచ్చింది. లోపలికి నడిచింది. చెక్క మీద కాలు వేసింది. మేకు ఊడిన చప్పుడు కిటికీ దాకా వినిపించింది.

తలుపు పడలేదు.

పిల్లి ఒకసారి తలెత్తి చూసి, కంచం ఖాళీ చేసి, మూతి నాక్కుంటూ వెళ్లిపోయింది.

తాత పరుగెత్తి పట్టా తీశాడు. తలుపు తాడుతో గట్టిగా కట్టేసి ఉంది. షట్టరు కింద చెయ్యి పెట్టేముందు దాన్ని పైకి కట్టాలని కుర్రతనంలో మేస్త్రీ చెంపలు వాయించి నేర్పాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఇవాళ కూడా చెయ్యి లోపల పెట్టేముందు రెండో చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. తాతకి చెప్పనైనా లేదు.

చీకటి పడేదాకా పిలిచాడు. కడుపు నిండిన పిల్లి ఎందుకొస్తుంది?

శుక్రవారం పొద్దున్నే మేనేజరు దగ్గరికి వెళ్లాడు. "ఇవాళ ఒక్కరోజు ఆగండి బాబూ. తప్పు నాది, బోనుది కాదు."

"మాట ప్రకారం ఆగాను కదా పెద్దాయనా. ఇంకా ఆగమంటే పైవాళ్లు నన్ను పీక్కుతింటారు."

తాత ఇంటికొచ్చేసరికి నాన్నమ్మ ఊచలు పట్టుకుని కూర్చుని ఉంది. కంచెకి ఆవల, గోడౌను వసారాలో, హమాలీ ఒక స్టీలు కంచం పెట్టి వెళ్లాడు. ఒంటిచెవిది దాని వైపు నడుస్తోంది. బెరుకు లేదు.

"పో. ముట్టుకోకు. పో." తాత కిటికీలోంచి గొంతు చించుకున్నాడు.

ఆ గొంతు విని పిల్లి ఆగి చూసింది. ఆ గొంతు వెనకాల ఎప్పుడూ చేపే ఉంది. అది నిశ్చింతగా తల వంచింది.

తాత చెప్పులైనా వేసుకోకుండా వీధి చుట్టూ తిరిగి గేటు దగ్గరికి పరుగెత్తాడు. వాచ్‌మన్ అడ్డం పడి, ఏం జరిగిందో తెలుసుకుని, గేటు తీసేసరికి కంచం ఖాళీ అయిపోయింది. పిల్లి బస్తాల వెనక్కి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి హమాలీలు దాన్ని గోనెలో చుట్టి తెచ్చిచ్చారు. తాత సందులోనే గొయ్యి తవ్వాడు.

నాన్నమ్మ అంతా చూసింది. ఆయన పూడ్చడం అయ్యాక అడిగింది, తిట్టినట్టు కాదు, నిజంగానే తెలియనట్టు.

"మనం ఏమీ చెయ్యకుండా ఉంటే అది ఆ కంచం ముట్టేది కాదు కదయ్యా?"

"ముట్టేది కాదు," అన్నాడు తాత.

ఆవిడ ఇంకేదో అంటుందని ఆయన పార పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది.